భీమునిపట్టణ సముద్రతీరము



కోతలు ముగిసి ధాన్యము ఇల్లు చేరిన పిమ్మట, పిల్లలతో గూడ నాలుగు దినములు సముద్రతీరమున గడపి రావలెనని తలచు పెద్దలు మన పల్లెలలో అనేకులు కలరు. అట్టివారికి ఉపయోగించునట్లు మా ఊరగు భీమునిపట్టణమును గూర్చి కొన్ని మాటలు చెప్పదలచితిని. నేను ఆ ఊరివాడను. వచ్చు యాత్రికులను చిరకాలముగా చూచుచున్నాను. కొందరు నడిమధ్యాహ్నమున వచ్చి, ఎండలో రెండు గంటలు వేగి, సముద్రమనిన ఇంతియే గదా యని మరలిపోవుదురు. మరికొందరు సముద్రమును తమ ఊరి చెరువుగా నెంచి దిగి ఆపద తెచ్చుకొందురు. సముద్రము నిచ్చు సంతోషము పొందుటకు వేళ, చోటు, జాగ్రత్త అను మూడును తెలిసియుండవలెను.

ముందుగా వేళను గూర్చి చెప్పెదను. మార్గశిరము మొదలు మాఘము వరకు మా తీరము మిక్కిలి హాయిగా నుండును. ఆశ్వయుజ కార్తికములు వాయుగుండముల కాలము. 2014వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుఫాను విశాఖపట్టణమును, మా ఊరిని ఎట్లు అల్లకల్లోలము చేసినదో మీరు వినియే యుందురు. వేసవిలో వచ్చువారికి పగలు కష్టమైనను, సాయంకాలపు సముద్రపుగాలి ఆ కష్టమును మరపించును.

ఏ కాలమున వచ్చినను తెల్లవారుజామును మాత్రము విడువకుడు. మనది తూర్పుతీరము గనుక సూర్యుడు నీటినుండియే పైకి వచ్చినట్లు కనబడును. ఆ వేళనే జాలరుల పడవలు మరలివచ్చును. పూర్వపు కొయ్యతెప్పల స్థానమున నేడు ఫైబరు పడవలు వచ్చినవి. కాని వలనుండి చేపను విడదీయు నేర్పు మాత్రము తాతలనాటిదే. వంజరము, చందువ, నెత్తళ్లు మున్నగు వానిని ఇసుకమీదనే బేరమాడి కొనవచ్చును. ఏప్రిలు 15 మొదలు జూను 14 వరకు చేపలు గ్రుడ్లు పెట్టు కాలమగుటచే, యంత్రపు పడవల వేటను ప్రభుత్వము నిషేధించినది. ఆ దినములలో వచ్చువారు చేపలు తక్కువగా నున్నవని చింతింపక, తాటిముంజెలతో తృప్తి పడవలెను.

ఇక చోట్లను గూర్చి. విశాఖపట్టణమునుండి సముద్రపుటొడ్డుననే వచ్చు మార్గము సుమారు 30 కిలోమీటర్లు. బస్సులు విరివిగా నడచును. దారిలో ఋషికొండ దాటిన పిమ్మట తొట్లకొండ వచ్చును. నీటికొరకు రాతిలో తొలచిన తొట్లే ఆ కొండకు పేరు తెచ్చినవి. 1988 మొదలు 1993 వరకు త్రవ్వకములు జరుపగా, సుమారు రెండువేల యేండ్లనాటి బౌద్ధ భిక్షువుల విహారము బయల్పడినది. వర్షపునీటిని వారు పొదుపు చేసిన విధము చెరువు విలువ నెరిగిన రైతులు చూడదగినది.

మా ఊరు చేరుటకు ముందు ఎర్రమట్టి దిబ్బలు కలవు. వేలయేండ్లుగా గాలి తెచ్చి పోసిన సముద్రపుటిసుక, అందలి ఇనుముచే ఎర్రబారినది. అవి గట్టి రాళ్లు గావు. వానధారకే గండ్లు పడును. వానిని 2014లో జాతీయ భూవారసత్వ స్థలముగా ప్రకటించిరి. అంచులపై కెక్కకుడు, గుర్తుగా పిడికెడు మట్టియైనను తీసికొనిపోకుడు.

భీముడు బకాసురుని వధించిన చోటు గనుక భీమునిపట్టణమైనదని మా పెద్దలు చెప్పుదురు. వలందులని పూర్వులు పిలిచిన డచ్చివారు ఇచ్చట వర్తకము చేసి, 1825లో ఈ స్థలమును ఇంగ్లీషువారికి వదలిరి. వారి సమాధులు నేటికిని నిలిచియున్నవి. 1861లోనే ఇచ్చట పురపాలక సంఘ మేర్పడినది. మీ పొలముల గోగునార యొకప్పుడు ఇచ్చటినుండియే ఓడలెక్కెను. అందుచేతనే విదేశపు వర్తకులు దానిని భీమిలి జనుమని పిలిచిరి. 1933లో విశాఖపట్టణమున నౌకాశ్రయము తెరచిన పిమ్మట మా రేవు చిన్నబోయినది. ఆ నిశ్శబ్దమే నేడు విశ్రాంతి కోరి వచ్చువారికి లాభమైనది. సాయంకాలము గోస్తని సముద్రమున గలియు చోటుకు పోయి, ఒడ్డున కూర్చుండి చూడుడు, పొద్దు తెలియదు.

ఇక జాగ్రత్తను గూర్చి. ఇది అన్నిటికంటె ముఖ్యమైనది. అలలు ఒడ్డునకు తెచ్చిన నీరు మరల లోపలికి పోవలెను గదా! ఆ నీరు తరచుగా ఒక సన్నని త్రోవ చేసికొని వేగముగా లోనికి పోవును. ఆ త్రోవలో అలలు విరుగవు, నురుగు తక్కువ, నీరు నల్లగా నెమ్మదిగా కనబడును. తెలియనివారు అదియే మంచి చోటని పిల్లలను అచ్చటనే దింపుదురు. చూపునకు నెమ్మదియైన ఆ చోటే ప్రాణము తీయునది. నది కలియు చోటను గూడ ఇసుకతిన్నెలు దినదినము మారుచుండును. నిన్న మోకాలిలోతున్న చోట నేడు మనిషి మునుగును. అచ్చట స్నానము తగదు.

ఆ లాగుడులో చిక్కినవారు ఒడ్డునకు ఎదురీదరాదు. బలము క్షీణించి మునుగుదురు. ఒడ్డునకు సమానముగా ప్రక్కకు ఈది, లాగుడు తప్పిన పిమ్మట ఒడ్డువైపు తిరుగవలెను. ఈత చాలనివారు వెల్లకిల తేలి, చేయెత్తి కేకవేయవలెను. ఒడ్డుననున్నవారు తొందరపడి దూకరాదు. అట్లు దూకుటచే ఒక్క ప్రాణము పోవుచోట రెండు పోవును. త్రాడుగాని, మూత బిగించిన ఖాళీ డబ్బాగాని విసరి, జాలరులను, గజ ఈతగాండ్రను పిలువవలెను; 112 నంబరునకు ఫోను చేయవలెను.

నీటిలో దిగుటకు ముందు అచ్చట వల బాగుచేసికొను జాలరిని, “ఏమి నాయనా, నేడిచ్చట దిగవచ్చునా?” యని అడుగుడు. “అటు గొయ్యి పడినది బాబూ, ఇటు రండి” యని అతడు చెప్పినచో ఆ మాటను శిరసావహింపుడు. ఎఱ్ఱజెండా పాతిన చోట మరి అడుగనే పనిలేదు.

కుటుంబమున పెద్దవారగు మీకొక పని అప్పగించుచున్నాను. పిల్లలు నీటిలో నున్నంతసేపు మీరు ఒడ్డున కూర్చుండి తలలు లెక్కించుచుండుడు. మోకాలి లోతు దాటనీయకుడు. త్రాగినవానిని ఎంతటి బంధువైనను నీటిలో దిగనీయకుడు. పడుచువారు తోటివారి మాట త్రోసిపుచ్చినను, తాతగారి కేకకు వెనుకకు తిరుగుదురు. వచ్చినంతమందియు ఇల్లు చేరినప్పుడే అది విహారయాత్ర యగును.

ఈ మాత్రము శ్రద్ధ వహించి మా ఊరికి రండు.