ముప్పది చెట్లు మిగిలిన జాతి
(పాఠశాల వార్షికోత్సవమున తలిదండ్రుల యెదుట చేసిన ప్రసంగ పాఠము)



వృక్షశాస్త్రమునుండి యేదేని యొక విషయమును చెప్పుడని మమ్ము కోరినారు. మఱ్ఱిని గూర్చియో, వేపను గూర్చియో చెప్పిన మీ కెల్లరకు తెలిసినదే యగును. కావున మన ప్రాంతమున కానరాని యొక చెట్టును గూర్చి విన్నవింపదలచితిమి. అది ఇటలీ దేశమునకు చెందిన సిసిలీ ద్వీపమున, మడోనీ పర్వతములయందు మాత్రమే సహజముగా పెరుగు ఫర్ వృక్షము. శాస్త్రజ్ఞులు దీనిని అబీస్ నెబ్రొడెన్సిస్ అని పిలుతురు.

ఫర్ చెట్లు పైన్, దేవదారు వృక్షముల కుటుంబములోనివి. మన దేశమున హిమాలయములయందు వీని జ్ఞాతులు కలవు. సిసిలీ ఫర్ సుమారు 15 మీటర్ల యెత్తు పెరుగును. ఆకులు పొట్టిగా, బిరుసుగా, సూదులవలె నుండును. పైభాగము ముదురాకుపచ్చ, అడుగున రెండు తెల్లని చారలు. పైన్ కాయలు కొమ్మనుండి వ్రేలాడి మొత్తముగా రాలును. ఫర్ కాయ యట్లు గాదు. అది కొమ్మపై దీపపు సెమ్మెవలె నిటారుగా నిలిచి, పండిన పిమ్మట పొలుసులు పొలుసులుగా విడిపోవును. నడిమి యీనె మాత్రము కొమ్మపై మిగులును. రెక్కలుగల గింజలను గాలి కొనిపోవును.

పూర్వ మీ చెట్లు ఆ కొండలపై విస్తారముగా నుండెడివి. ఇండ్లకును, చర్చిల పైకప్పులకును దూలములు కావలసి జనులు నరికివేసిరి. 1900 ప్రాంతమున జాతి యంతరించినదనియే తలచిరి. 1957లో కొన్ని చెట్లు మరల కనబడినవి. నేడు ఆ కొండలయందు సుమారు 1,400 మీటర్లకు పైబడిన రాతినేలపై నున్న పెద్దచెట్లు రమారమి 30 మాత్రమే. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘము దీనిని అత్యంత ప్రమాదస్థితిలో నున్న జాతిగా లెక్కించినది. ఈ ప్రాంతము 1989లో నేర్పరచిన మడోనీ ఉద్యానవనమున చేరియున్నది.

నరకుట మానినను జాతి యేల వృద్ధి కాలేదు? చెట్లు దూరదూరముగా నుండుటచే ఒకదాని పుప్పొడి వేరొకదానికి చేరుట యరుదు. తన పుప్పొడియే తనపై పడగా పెక్కు గింజలు తాలుగింజలగును. మొలచిన కొలది మొక్కలను జింకలు మేయును, అడవిపందులు పెల్లగించును. సమీపమున నాటిన పరజాతి ఫర్ చెట్లతో సంకరమగు భయము కూడ కలదు.

అందుచే ఐరోపా సమాఖ్య సహాయముతో 2019లో నొక పథకము నారంభించిరి. ఒక చెట్టు పుప్పొడిని మనుష్యులే తెచ్చి వేరొక చెట్టుపై చల్లిరి. మేలైన గింజలను నారుమడిలో మొలపించిరి. చెట్లచుట్టు కంచెలు వేసిరి.

ఈ కథ మన కేలయని మీ రడుగవచ్చును. ముసలిచెట్లు పచ్చగా నిలిచియుండగనే జాతి ముగియు ప్రమాదము కలదని ఈ ఫర్ తెలుపుచున్నది. మన యిండ్లలో తాతలు, అవ్వలు తెలుగు పలుకుచునే యున్నారు. మనుమడు వారికి తెలుగున నొక యుత్తరము వ్రాయగలడా? దూరదూరముగా నున్న మన కుటుంబములను కలుపు నారుమడి ఈ పాఠశాల. నీరు పోయు బాధ్యత మాత్రము ఉపాధ్యాయులొక్కరిది కాదు, మన యందరిది. రాత్రి భోజనవేళ బిడ్డలతో నొక గడియ తెలుగున ముచ్చటింపుడని ప్రార్థించుచు సెలవు తీసికొనుచున్నాము.