పుట్టింటికి పోయే బిడ్డ వెంట కార్డు కూడా పోవాలి

(మహాసభలో ఆరోగ్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగం)



పొదుపులు, అప్పుల లెక్కలు విన్నారు. మేము ఒక్క సంగతే చెప్తాం.

2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం, ఎటపాక వైపు ఊళ్లు ఆంధ్రలోకి వచ్చాయి. భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయింది. చింతూరు దాటి పోతే ఛత్తీస్‌గఢ్, ఒడిశా. గీతలు మారాయి గానీ మన చుట్టరికాలు మారలేదు. ఆడపిల్లల్ని అటు ఇచ్చాం, కోడళ్లని అటు నుంచి తెచ్చుకున్నాం. తొలి కాన్పుకి బిడ్డ పుట్టింటికి పోవాల్సిందే కదా.

చిక్కంతా అక్కడే ఉంది. ఇక్కడ ఏఎన్ఎం పేరు రాసుకుంటుంది, రక్తం పరీక్ష చేయిస్తుంది. నెలలు నిండే వేళకి పిల్ల పుట్టింటికి పోతుంది. అక్కడి జాబితాలో ఆమె పేరు ఉండదు. ఇక్కడి జాబితాలో పేరుంటుంది, మనిషి ఉండదు. సరిగ్గా కనిపెట్టుకుని ఉండాల్సిన రోజుల్లో ఆమె ఎవరి లెక్కలోనూ లేకుండా పోతుంది.

పోయిన వానాకాలం మన సభ్యురాలి కోడలికి ఇదే జరిగింది. ఇక్కడి పరీక్షలో రక్తం 7 గ్రాములే ఉంది. కార్డు అత్తగారింటి పెట్టెలో ఉండిపోయింది. పుట్టింట్లో మలేరియా జ్వరం వచ్చింది. నొప్పులతో ఆసుపత్రికి తీసుకుపోతే, అక్కడివాళ్లకి పాత సంగతేదీ తెలియదు. మళ్లీ పరీక్షలు, రక్తం కోసం పరుగులు, రాత్రంతా గడిచిపోయింది. తల్లీబిడ్డా దక్కారు. కానీ అదృష్టం మీద ఎన్ని కాన్పులు నడుపుతాం?

గర్భిణికి రక్తం 11 గ్రాములకు తగ్గితే రక్తహీనత, 7కు తగ్గితే ప్రాణం మీదికి వచ్చినట్టే. దానికి మలేరియా తోడైతే ఉన్న రక్తం కూడా తగ్గిపోతుంది. దోమకు సరిహద్దు లేదు. ఒక ఊళ్లో మందు కొట్టి పక్క ఊరు వదిలేస్తే జ్వరం మళ్లీ ఇటే వస్తుంది.

రెండు వైపులా ఆరోగ్య కేంద్రాలకు వెళ్లి అడిగాం. ఎవరూ కాదనలేదు, పై నుంచి ఆర్డరు కావాలన్నారు. అందుకే ఈ సభ నుంచి తీర్మానం పంపుదాం. గర్భిణుల జాబితాలు నెలకోసారి ఇచ్చిపుచ్చుకోవాలి. సరిహద్దు ఊళ్లన్నిట్లో దోమల మందు ఒకే వారంలో కొట్టాలి.

ఆర్డరు వచ్చేదాకా మనం చేయగలిగింది ఉంది. బిడ్డ బయలుదేరే ముందు ఏఎన్ఎంకి, ఆశకి చెప్పాలి. బట్టల మూటలో కార్డు, ఐరన్ మాత్రలు, దోమతెర పెట్టాలి. అవతలి ఊరి సంఘానికి మన సంఘం నుంచి ఫోను పోవాలి. వాళ్లు అక్కడి ఆశను ఇంటికి తీసుకెళ్తారు.

అప్పు వాయిదా ఒక్కటి తప్పితే మనం ఇంటికి వెళ్లి అడుగుతాం. నెలలు నిండిన బిడ్డ సంగతి అంతకంటే తక్కువా?

తీర్మానానికి ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి అక్కా.