ద్రవ రసాయన వర్తకమున యోగక్షేమములు



సముద్రమెరుగని కరీంనగర, ఆదిలాబాదు ప్రాంతములవారమైన మనకు నౌకావర్తక ప్రసంగమేలయని కొందరనవచ్చును. మన యువకులు కొందరు రసాయన ద్రవముల వ్యాపారమునకు పూనుకొనుచున్నారు గనుక చెప్పుచున్నాను.

నార్వే దేశమున బెర్గెన్ పట్టణమునందు ఓడ్‌ఫ్యెల్ కుటుంబము 1914లో నౌకాసంస్థను స్థాపించెను. ఆమ్లములు, తైలములు మున్నగు ద్రవములను ఒకే ఓడలో వేర్వేరు తొట్లయందు కొనిపోవుట వారి వృత్తియయ్యెను. ఒక సరకు దింపిన పిమ్మట తొట్టిని కడిగి, ఆరబెట్టి, పరీక్షించినగాని మరియొకదానిని నింపరాదు. ఊరగాయ జాడీలో పాలు పోయని మన ఇల్లాండ్రకు ఈ శాస్త్రము క్రొత్తది కాదు. తరువాత వారు రేవులయందు నిల్వతొట్లను గూడ నెలకొల్పిరి.

చిరకాలము సంస్కృతము చెప్పినవాడను గనుక నాకిచ్చట యోగక్షేమ శబ్దము స్ఫురించుచున్నది. లేనిదానిని తెచ్చుకొనుట యోగము, తెచ్చినదానిని కాపాడుట క్షేమము. ఓడ యోగము, తొట్టి క్షేమము. మనవారు మొదటిదానినే వర్తకమనుకొందురు.

విశాఖపట్టణమున 2020 మే 7న జరిగినదేమి? సముద్రము దాటి వచ్చిన స్టైరీను, లాక్‌డౌను వలన మూతబడిన ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారపు తొట్టిలో కదలిక లేక నిలిచియుండెను. దానిని గడ్డకట్టనీయక నిలుపు నిరోధక ద్రవ్యము తగ్గిపోయెను. ఉష్ణమాపకము తొట్టి అడుగున మాత్రమే యుండెనని విచారణలో తేలెను. పైభాగము కాగుచుండుట ఎవరికిని తెలియలేదు. తెల్లవారుజామున వెలువడిన ఆవిరిచే 12 మంది మరణించిరి. పిమ్మట మిగిలిన సుమారు 13,000 టన్నుల స్టైరీనును మరల ఓడలకెక్కించి దక్షిణ కొరియాకు పంపిరి.

మన రామగుండమునందలి ఎరువుల కర్మాగారము 2021 నుండి అమోనియాను చేసి యూరియాగా మార్చుచున్నది. అట్టి తొట్లను కనిపెట్టియుండు విద్య నేర్చిన బిడ్డలు మనలో నెందరు? సంఘనిధి విద్యార్థివేతనములలో ఒక్కటియైనను రసాయన భద్రతా విద్యకు కేటాయింపుడని కార్యవర్గమును కోరుచున్నాను.