అడవి పక్షమున విద్యార్థులు

వైద్య కళాశాలలో చదువు ముగించిన యువకుడు ఒక సంవత్సరము ఆసుపత్రిలో పెద్ద డాక్టర్ల వెంట తిరిగినగాని డాక్టరు అనిపించుకొనడు. న్యాయశాస్త్రములో పట్టము పుచ్చుకొన్నవాడు పేరుపడిన ప్లీడరు గారి ఇంట కొంతకాలము కాగితపు కట్టలు మోయనిదే కోర్టులో నోరు విప్పలేడు. ఈ పద్ధతి మనకు చిరపరిచితమే. దీనికే ఇప్పుడు ఇంటర్న్‌షిప్ అను పేరు వచ్చి, అన్ని చదువులకును వ్యాపించినది. ఆంధ్రప్రదేశములో 2020-21 నుండి సామాన్య డిగ్రీ విద్యార్థులకు సైతము పది నెలల ఇంటర్న్‌షిప్ నిర్బంధము చేసిరి. బ్యాంకులలోను, మందుల కంపెనీలలోను చేరి పని నేర్చుట సరే. కాని అడవిని కాపాడు పనిలో, అందును అడవి పక్షమున వాదించు పనిలో, విద్యార్థి చేరుట యనగా ఏమి? అచ్చట పెద్ద డాక్టరెవరు? రోగి ఎవరు? ఈ సంగతినే నేడు శ్రోతలతో ముచ్చటింపదలచితిని.

హైదరాబాదులో ఈ ప్రశ్న వేయుటకు తార్నాకను మించిన చోటు లేదు. పూర్వమిచ్చట ఒక తోటకు తీగెకంచె వేసి నాకా పెట్టిరనియు, తారు, నాకా కలిసి తార్నాక యైనదనియు పెద్దలు చెప్పుదురు. ఆ నాలుగు రోడ్ల కూడలికి కూతవేటు దూరములో 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయము కలదు. ఆర్ట్స్ కళాశాల రాతిభవనమును ఎరుగనివారుండరు. ఆ ఆవరణమునకును అడవికిని గల పాత సంబంధమును మాత్రము చాలమంది ఎరుగరు.

1940లో ఆదిలాబాదు అడవులలో జోడేఘాటు వద్ద కుమ్రం భీము నిజాము పోలీసుల కాల్పులలో మరణించెను. గోండుల కడుపుమంటకు కారణమేమో విచారింపవలసిన అగత్యము ప్రభుత్వమునకు అప్పుడు కలిగినది. ఆ పనికి పూనుకొన్నవాడు ఆస్ట్రియా దేశస్థుడగు మానవశాస్త్రజ్ఞుడు హైమెన్‌డార్ఫ్. ఆయన మార్లవాయి గ్రామమున గోండుల నడుమ నివసించి, అడవికి హద్దులు గీయుటలో ఊళ్లకు ఊళ్లు ఎట్లు లేచిపోయినవో, సాగుచేసిన భూమి షావుకార్ల పాలెట్లయినదో వ్రాసి ప్రభుత్వమునకు సమర్పించెను. 1943లో మార్లవాయిలో ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రము వెలసినది. 1945లో ఆయన ఉస్మానియాలో మానవశాస్త్రాచార్యుడయ్యెను. గూడెములో చూచినది విశ్వవిద్యాలయమునకు, విశ్వవిద్యాలయములో వ్రాసినది సచివాలయమునకు పోవు బాట అట్లు పడినది. నేటి విద్యార్థి నడచుచున్నది ఆ బాటనే యని నా తలంపు.

2002లో ఏర్పడిన సెంటర్ ఫర్ పీపుల్స్ ఫారెస్ట్రీ అను సంస్థ ఈ తార్నాక చిరునామాతోనే అటవీ గ్రామముల పక్షమున అధ్యయనములు, శిక్షణ, వాదన సాగించినది. అప్పటికి పదేండ్లుగా వన సంరక్షణ సమితులు నడచుచుండెను. సమితివారు అడవిని కాచి, ఫలసాయములో భాగము పొందవలెనని ఏర్పాటు. అడవి మీద చట్టరీత్యా హక్కు మాత్రము వారికి లేదు. 2006లో పార్లమెంటు అటవీ హక్కుల గుర్తింపు చట్టము చేసిన పిమ్మట పరిస్థితి మారినది. 2005 డిసెంబరు 13వ తేదీకి ముందు నుండి సాగులో నున్న భూమికి, నాలుగు హెక్టార్లకు మించకుండ, కుటుంబమునకు హక్కు. అంతకంటె ముఖ్యముగా, తాము తరతరములుగా కాచుకొన్న అడవిని ఇకముందును కాచుకొను హక్కు ఊరందరికిని ఉమ్మడిగా కలదు. మొదటి దానికై అందరును పరుగులెత్తిరి. రెండవ దానిని పట్టించుకొన్నవారు తక్కువ.

ఈ వాదనను ఆంగ్లములో అడ్వొకసీ అందురు. మన వకాల్తా అను మాటయే దీనికి చక్కగా సరిపోవునని నాకు తోచును. వకాల్తానామా మీద కక్షిదారుని సంతకము లేనిదే ఎంత గొప్ప ప్లీడరైనను ఆ కేసులో నిలువలేడు. అడవి విషయమున ఆ సంతకము గ్రామసభది. పట్నము నుండి వచ్చిన విద్యార్థి ఈ ఒక్క సంగతి గ్రహించినచో సగము శిక్షణ పూర్తియైనట్లే. అతడు వచ్చినది ఊరివారి తరఫున మాట్లాడుటకు కాదు. వారు మాట్లాడినది కాగితము మీద నిలుచునట్లు చేయుటకు.

కాగితమన్నంత మాత్రమున చులకనగా చూడరాదు. హక్కు కోరువారు కనీసము రెండు సాక్ష్యములు చూపవలెను. సర్కారు రికార్డు లేకున్నను దరఖాస్తు వీగిపోదు. పాత బావి, శ్మశానము, దేవర గద్దె, పొలములో వేసిన గట్టు, ఇవి యన్నియు నియమములలో చెప్పిన సాక్ష్యములే. ఊరి పెద్దలు నోటితో చెప్పినదానిని వ్రాసిపెట్టినను చెల్లును. ఆ వ్రాత ఎవరు వ్రాయవలెను? ఎనుబదేండ్ల ముసలమ్మ తన మామ ఏ చెట్టు క్రింద మొదటి మంచె కట్టెనో చెప్పుచుండగా, అడ్డుతగులక, తన మాటలు కలుపక, ఆమె మాటలలోనే తెలుగున వ్రాయగల విద్యార్థి ఒకడున్న, ఆ వ్రాత ఒక కుటుంబమును నిలబెట్టును. (మైకు కనబడగానే మనుష్యుడు పుస్తకభాషకు ఎక్కుట మా రేడియోవారు నిత్యము చూచునదే. నోటు పుస్తకము దెబ్బయు అట్టిదే. దానిని కొంతసేపు సంచిలోనే ఉంచుట మేలు.)

దరఖాస్తు త్రోసివేసినప్పుడు కారణమును వ్రాతమూలకముగా తెలుపవలెను. అరువది దినములలో పైకమిటీకి చెప్పుకొనవచ్చును. తెలుపనే తెలుపకున్న ఆ గడువు ఎప్పుడు మొదలగును? 2019 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, దరఖాస్తులు త్రోసివేయబడిన వారిని అడవి నుండి తొలగింపవలెనని ఉత్తర్వు చేసెను. త్రోసివేత సక్రమముగా జరుగలేదని విన్నవించుకొనగా అదే నెల 28వ తేదీన దానిని నిలిపివేసెను. ఆ పదునైదు దినములు దేశమందలి లక్షలాది గుడిసెలు ఒక్క కాగితము మీద వ్రేలాడినవి. తెలంగాణములో 2023 జూన్ మాసాంతమున పోడు పట్టాల పంపకము పెద్దయెత్తున మొదలైనది. అయినను ఉమ్మడి హక్కు పత్రముల మాట అంతగా వినబడదు.

ఊరివారికి హక్కిచ్చిన అడవి నిలుచునా యని అడుగువారున్నారు. న్యాయమైన ప్రశ్నయే. పోడు కొట్టి పత్తి వేసిన కొండవాలులను నేనును చూచితిని. కాని తునికాకు, ఇప్పపువ్వు, బంక, అడ్డాకు మీద బ్రదుకు కుటుంబమునకు చెట్టు నిలిచియుండుటయే లాభము. ఆ లాభము దళారికిగాక వారికే చేరు ఏర్పాటున్నచోట గొడ్డలికి పని తగ్గును. ఈ లెక్క తేల్చుటకు విద్యార్థులు మిక్కిలి అక్కరకు వత్తురు. ఏ చెట్టు ఎంత మిగిలినది, ఏ సరుకు ఏ ధరకు పోయినది యని ఏటేట వ్రాసి పెట్టినగాని వాదనకు బలము రాదు.

జాబితా బలమెంతటిదో 2025లో గచ్చిబౌలి చూపినది. హైదరాబాదు విశ్వవిద్యాలయము ప్రక్కనున్న కంచ గచ్చిబౌలి 400 ఎకరములలో మార్చి నెలాఖరున బుల్‌డోజర్లు దిగినవి. అది ప్రభుత్వ భూమియేగాని అడవి కాదని ప్రభుత్వ వాదము. అడవి యను మాటకు నిఘంటువులో గల అర్థమునే గ్రహింపవలెనని సుప్రీంకోర్టు 1996 డిసెంబరులోనే చెప్పియున్నది. విద్యార్థుల నినాదములు పత్రికలకెక్కినవి. నినాదములు చేయలేని పనిని అంతకుముందు ఏండ్ల తరబడి విద్యార్థులు, ఆచార్యులు నిదానముగా వ్రాసి పెట్టిన పక్షుల జాబితాలు, జింకల, నక్షత్రపు తాబేళ్ల చిత్రములు చేసినవి. ఏప్రిలు 3వ తేదీన సుప్రీంకోర్టు చెట్ల నరికివేతను ఆపించెను. అప్పటికే సుమారు నూరు ఎకరములు చదునైనవి.

ఇన్ని చెప్పిన పిమ్మట ఇంటర్న్‌షిప్‌ల లోపములు చెప్పకుండుట పక్షపాతమగును. ఆరు వారములు వచ్చి, ఊరివారిని నూరు ప్రశ్నలడిగి, ఆంగ్లములో నివేదిక వ్రాసి, సర్టిఫికెట్టు పుచ్చుకొని పోవువారు గలరు. ఆ నివేదిక మరల ఆ ఊరి ముఖము చూడదు. ఇది నాకు సుతరాము గిట్టదు. బస్సు ఖర్చు, భోజనపు ఖర్చు తానే పెట్టుకొనగల ఇంటి బిడ్డలకే ఈ అవకాశము దొరకుట రెండవ లోపము. ఉట్నూరు నుండి, ఏటూరునాగారము నుండి వచ్చి పట్టణపు హాస్టళ్లలో చదువుకొను గిరిజన విద్యార్థికి గోండీయో కోయయో తల్లిభాష, అడవి పుట్టిల్లు. అట్టివానికి భత్యమిచ్చి ఈ పనిలో నియోగించిన ఒక్క నెలలో జరుగునది, పరాయివానికి ఆరు నెలలు పట్టును.

ఇక వేళ సంగతి. మన సెలవులు ఏప్రిలు, మే నెలలలో వచ్చును. తునికాకు కోత సరిగా అప్పుడే. తెల్లవారకముందే ఆడవారు, మగవారు అడవికి పోయి, మధ్యాహ్నమునకు మోపులతో తిరిగివచ్చి, ఏబది ఆకులకు ఒక కట్ట చొప్పున కట్టి, సాయంకాలమునకు కల్లము చేర్చుదురు. పగటిపూట పోయి తలుపు తట్టిన ముసలివారు, పసివారు తప్ప ఎవరుందురు? కట్టలు కట్టునప్పుడు ప్రక్కన కూర్చుండి తానును నాలుగు కట్టలు కట్టుచు మాట కలుపువానికి సమాధానములు దొరకును. గ్రామసభ కల్లము లెక్క ముగిసిన రాత్రియే కూడును. మొదటి వానలకు వాగులు పొంగి దారి తెగు గూడెములు పెక్కు గలవు. పటములు, సాక్ష్యములు, దరఖాస్తు నకళ్లు, వాటికిచ్చిన రసీదులు ఊరి అటవీ హక్కుల కమిటీవారి పెట్టెలో చేరుట జూను మాసమునకు ముందే ముగియవలెను.