స్పెయిన్ భోజనం బల్ల మీద రైతు లెక్క
(సంఘ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



స్పెయిన్ నుంచి వచ్చాక అందరూ నన్ను అడుగుతున్నది ఒక్కటే: "అక్కడ ఏం తిన్నావు?" ఇవాళ దానికే జవాబు చెబుతాను. అక్కడి మామూలు హోటల్ భోజనంలో మన సంఘం మాట్లాడుకోవాల్సిన సంగతులు చాలా ఉన్నాయి.

మేం తిన్నవి పెద్ద హోటళ్లు కావు. డ్రైవర్లు, గుమాస్తాలు, తాపీ పనివాళ్లు తినే చోట్లు. మధ్యాహ్నం 2 అయితే గానీ అక్కడ భోజనాల వేళ కాదు. గుమ్మం దగ్గర నల్లబల్ల మీద ఆ రోజు వంటకాలు రాసి పెడతారు. దీన్ని 'మెను దెల్ దియా' అంటారు, అంటే ఈ రోజు భోజనం. అన్నిటికీ కలిపి ఒకే ధర. మేం తిన్నచోట్ల 12 నుంచి 15 యూరోలు ఉంది. మొదటి వంటకం, రెండో వంటకం, రొట్టె, తాగడానికి నీళ్లో వైనో, చివర పండో కాఫీయో ఇస్తారు. మన మీల్స్ లాంటిదే గానీ మారు వడ్డించరు. పర్యాటకులకు నిర్ణీత ధరకు భోజనం పెట్టాలని 1960లలో ఫ్రాంకో నియంతృత్వ ప్రభుత్వం పెట్టిన నిబంధన నుంచి ఇది వచ్చింది. నియంత పోయాడు, భోజనం మిగిలింది.

ఒకరోజు పొట్టు తీయని మసూరు గింజల పులుసు పెట్టారు. ఇంకోరోజు బంగాళాదుంపలు, గుడ్లు కలిపి దిబ్బరొట్టెలా మందంగా వేసిన తోర్తియా. మాతో ఒక శాకాహారి ఉన్నారు. మాంసం వద్దంటే ట్యూనా చేప కలిపిన సలాడ్ తెచ్చారు. చేప మాంసం కాదని వాళ్ల లెక్క!

నన్ను ఆలోచింపజేసింది బల్ల మీది నూనె సీసా. అక్కడ రొట్టె మీదా సలాడ్ మీదా ఆలివ్ నూనె పోసుకుంటారు. 2014 నుంచి అక్కడ ఒక నిబంధన ఉంది. హోటల్ బల్ల మీద పెట్టే ఆలివ్ నూనె సీసాకు లేబుల్ ఉండాలి. ఖాళీ అయ్యాక మళ్లీ నింపడానికి వీలుండకూడదు. మంచి నూనె సీసాలో చవక నూనె పోసి మోసం చేయకుండా ఈ ఏర్పాటు. హాయెన్ జిల్లాలో ఆరు కోట్లకు పైగా ఆలివ్ చెట్లున్నాయి. అక్కడి నూనె అక్కడి పేరుతోనే బల్ల మీదికి వస్తుంది. మన గుంటూరు సన్నం మిరపకూ భౌగోళిక గుర్తింపు ఉంది. కానీ మన హోటల్ బల్ల మీది కారం ఏ ఊరి మిరపో ఎవరైనా చెప్పగలరా?

అయితే మిత్రులారా, పేరు వచ్చినంత మాత్రాన ధర రాలేదు. 2020 మొదట్లో ఆలివ్ నూనె ధర ఉత్పత్తి ఖర్చు కంటే కిందికి పడిపోయింది. హాయెన్ రైతులు ట్రాక్టర్లతో రోడ్లు దిగ్బంధించారు. దేశమంతా నిరసనలు జరిగాయి. ఆ ఫిబ్రవరిలోనే ప్రభుత్వం ఆహార గొలుసు చట్టాన్ని సవరించింది. రైతుతో కొనుగోలుదారు చేసుకునే ఒప్పందంలో ఉత్పత్తి ఖర్చును లెక్కలోకి తీసుకోవాలి, ఆ ఖర్చుకు తక్కువగా కొనకూడదు అన్నది దాని సారం. 2021 చివర్లో మరో చట్టంతో దాన్ని గట్టి చేశారు. ఖర్చుకు 50 శాతం కలిపిన మద్దతు ధరకు చట్టబద్ధత కావాలని మనం అడుగుతున్నాం. అది అసాధ్యమనేవాళ్లకు ఈ ఉదాహరణ చూపించండి. చట్టంతోనే అంతా అయిపోలేదని కూడా చెప్పండి. 2024లో అదే రైతులు మళ్లీ ట్రాక్టర్లెక్కారు. అమలు చేయించుకోవడం ఇంకో పోరాటం.

ఆ భోజనంలో కనబడని మనుషులు ఇంకొందరున్నారు. సలాడ్‌లోని టమాటా, దోస, క్యాప్సికం చాలావరకు అల్మెరియా నుంచి వస్తాయి. అక్కడ 30 వేల హెక్టార్లకు పైగా ప్లాస్టిక్ కప్పుల కింద సాగు. కోసేది ఎక్కువగా మొరాకో నుంచి, ఇతర ఆఫ్రికా దేశాల నుంచి వలస వచ్చిన కూలీలు. వాళ్లలో చాలామంది నీళ్లు, కరెంటు లేని గుడిసెల్లో బతుకుతున్నారు. గిట్టుబాటు ధర అడిగే మనం కూలి గిట్టుబాటు గురించి కూడా మాట్లాడాలి. రైతునీ కూలీనీ విడదీస్తే లాభపడేది మధ్యలో ఉన్నవాడే.

చివరగా ఒక ప్రతిపాదన. అక్కడ కోయాగ్ అనే రైతు సంఘం, వినియోగదారుల సంఘాలతో కలిసి, నెలనెలా ఒక పట్టిక ప్రకటిస్తుంది. ఫలానా పంటకు రైతు చేతికి ఎంత వచ్చింది, దుకాణంలో ఎంతకు అమ్మారు, ఎన్ని రెట్లు పెరిగింది అన్నదే ఆ పట్టిక. పేపర్లు దాన్ని వేస్తాయి. పట్నంలో కొనుక్కునేవాళ్లకు తమ డబ్బు ఎక్కడికి పోతోందో తెలుస్తుంది.

ఈ పని మనమూ చేయగలం. దీనికి నిధులు అక్కర్లేదు, పుస్తకం, పెన్ను చాలు. మదనపల్లె యార్డులో కిలో టమాటాకు రైతుకు ఎంత దక్కింది, అదే రోజు మీ పట్నం రైతుబజారులో ఎంత, కిరాణా కొట్టులో ఎంత? వడ్లు, మిరప, ఉల్లి, పాలు కూడా ఇలాగే రాద్దాం. ప్రతి మండల కమిటీ ఒకరికి ఈ బాధ్యత అప్పగించాలి. నెలాఖరుకు లెక్కలు జిల్లా ఆఫీసుకు చేరితే మన పత్రికలోనే అచ్చు వేద్దాం. మన లెక్క మనం రాసుకోకపోతే, కొనేవాడు రాసిందే లెక్క అవుతుంది.

మొదటి పట్టిక వచ్చే నెల సంచికలోనే రావాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.