నొప్పి లేని మచ్చ

గద్వాలలో మగ్గం ముందు కూర్చునేవారిలో, వనపర్తి చేలలో వేరుసెనగ పీకేవారిలో, నాగర్‌కర్నూలు పల్లెల నుండి దూరపు పనులకు వలసపోయేవారిలో, అలసట తీరడానికి బుగ్గన ఇంత పొగాకు పెట్టుకొనేవారు ఉన్నారు. ఖైనీ కావచ్చు, జర్దా కిళ్ళీ కావచ్చు, గుట్కా కావచ్చు. కొన్నేళ్ళకు ఆ బుగ్గ లోపల ఒక తెల్లమచ్చ పుడుతుంది. నొప్పి ఉండదు, అన్నం తినడానికి అడ్డు రాదు. అందుచేత దానిని ఎవరూ లెక్కచేయరు. నొప్పి పుట్టిననాడు వైద్యుని వద్దకు పోతారు. అప్పటికి తరచు కాలం మించిపోయి ఉంటుంది.

పొగాకు తాకినచోటనే చేటు పుట్టడం మన తెలుగుదేశంలోనే రుజువైనది. చుట్టను నిప్పువైపు నోట పెట్టుకొని కాల్చే అలవాటును శ్రీకాకుళం ప్రాంతంలో అడ్డపొగ అంటారు. ఆ జిల్లాలో 10,169 మంది గ్రామస్థుల నోళ్ళను పరీక్షించిన పరిశోధకులు, అంగిటిపై కలిగే మార్పులను 1971లో వివరించారు.

ఇట్టి మచ్చలన్నీ కేన్సరు కావు. ఏది కాగలదో ముందుగా తెలిసేదెట్లు? నోటి లోపలి పొర నిత్యమూ కొత్తదవుతూ ఉంటుంది. అడుగున పుట్టిన కణాలు క్రమంగా పైకి వచ్చి రాలిపోతాయి. పొగాకులోని విషాలు అడుగుకణాల క్రోమోసోములను విరిచినప్పుడు, కణం రెండుగా చీలే సమయాన, విరిగిన తునక కేంద్రకంలో చేరక పక్కన చిన్న చుక్కవలె మిగులుతుంది. దీనినే సూక్ష్మకేంద్రకం అంటారు. మెత్తని బ్రష్షుతో బుగ్గను రుద్ది, వచ్చిన కణాలను గాజుపలకపై పరచి, రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూస్తే ఈ చుక్కలను లెక్కించవచ్చు. కత్తి అక్కర లేదు, సూది అక్కర లేదు. కణంలోని డి.ఎన్‌.ఎ. పరిమాణాన్ని కొలవడం, లాలాజలంలో గుర్తులు వెదకడం కూడా ఈ దారిలోనివే.

అయితే ఈ చుక్క సాక్షి మాత్రమే, తీర్పు చెప్పలేదు. కణానికి దెబ్బ తగిలినదని చెబుతుంది గాని, కేన్సరు వచ్చినదని చెప్పదు. అనుమానం కలిగినచోట చిన్న ముక్క తీసి పరీక్షించినగాని నిశ్చయం కాదు.

ఈ పరీక్షలు మన ఊరికి వచ్చేవరకు ఊరకుండవలెనా? అక్కర లేదు. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు కేవలం వెలుతురులో నోరు చూడడంవల్ల, పొగాకు లేదా మద్యం అలవాటున్నవారిలో నోటి కేన్సరు మరణాలు 34 శాతం తగ్గినవని కేరళలో జరిగిన అధ్యయనం 2005లో తెలిపింది. 30 ఏళ్ళు దాటినవారికి అయిదేళ్ళకొకసారి నోటి పరీక్ష జరగాలని 2016 నాటి జాతీయ మార్గదర్శకాలు నిర్ణయించాయి.

కనుక వలసపోయినవారు పండుగకు ఇల్లు చేరిననాడు, ఒక అద్దం తెచ్చి వెలుతురులో కూర్చోబెట్టండి. బుగ్గల లోపల, చిగుళ్ళ వెంట, నాలుక అడుగున చూడండి. తెల్లనిదో ఎర్రనిదో మచ్చ ఉన్నా, రెండు వారాలకు మానని పుండు ఉన్నా, నోరు బాగా తెరచుకోకపోయినా, తిరిగి బస్సు ఎక్కకముందే ఆస్పత్రికి తీసుకొనిపోండి. నొప్పి లేదు కదా అని అతడు అంటాడు. నొప్పి లేనప్పుడే పోవలెనని మీరు చెప్పండి.