భూమి బేరమున మనస్సు



భూమిని కొనునది ధనము, కొనిపించునది మనస్సు. పెద్దతిప్పసముద్రమువంటి మెట్టసీమలో చెఱువు నిండినయేట పొలము కొనువాడు ఎండినయేండ్లను మఱచును. ఇచట వాన చేయు పనిని వేఱొకచోట వార్త చేయును. 2014లో రాజధాని వార్త వెలువడగా అమరావతి ప్రాంతమున ధరలు మిన్నంటెను. 2019 డిసెంబరులో మూడు రాజధానుల ప్రస్తావన రాగా దిగజాఱెను. నేల యదియే; జనుల ఆశ మాఱినది.

ధర పడినను, కొన్నవెలనే తలంచుచు అమ్మజాలకుండుట మఱియొక బలహీనత. లాభమిచ్చు సంతోషముకంటె అంతియే నష్టమిచ్చు దుఃఖము హెచ్చని కానెమన్, ట్వెర్‌స్కీ పండితులు 1979లో తెలిపిరి.

కావున కొనువాడు “పొరుగువాడు కొననిచో నేను కొందునా?” అనియు, అమ్మ వెనుదీయువాడు “ఇది నాది కానిచో నేటివెలకు కొందునా?” అనియు తన్ను తాను ప్రశ్నించుకొనవలెను. ఆ జవాబు వచ్చినపిదపనే బయానా చేతులు మాఱవలెను.